సిలికోసిస్‌కు క్షయ అని పేరు పడినప్పుడు: ఒక ఈఎస్‌ఐ అప్పీలు

సిలికా దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకుని వచ్చే సిలికోసిస్‌ను క్షయగా లెక్కగట్టిన నిర్ణయం మీద వేసిన అప్పీలు ఇది. కార్మికుల బీమా వివాదాలు తేల్చే బెంగళూరులోని ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టులో ఈ వ్యవహారం 2022లో మొదలై 2024లో ముగిసింది. కక్షిదారు ప్రకాశం జిల్లా నుంచి వలస వచ్చిన రాతికోత కార్మికుడు, అప్పటికి వయసు నలభై దాటింది. కుటుంబం ఒప్పుకున్న మీదటే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను కొన్ని తీసివేశాను, కొన్ని మార్చాను. అప్పుడు అమలులో ఉన్నది 1948 నాటి కార్మిక రాజ్య బీమా (ఈఎస్‌ఐ) చట్టం. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది గనుక, నేను ఇక్కడ చెప్పే సెక్షన్ల సంఖ్యలను కొత్త దరఖాస్తులలో యథాతథంగా దించుకోవద్దని తోటి న్యాయవాదులకు మొదటే మనవి చేస్తున్నాను.

కక్షిదారు యవ్వనంలో కొన్నేళ్లు చీమకుర్తి క్వారీలలో పనిచేసి, తరువాత బెంగళూరు శివారులోని జిగణికి వచ్చి రాతిపలకల యూనిట్‌లో చేరాడు. మొదట్లో ఆ యూనిట్‌లో గ్రానైటే కోసేవారు. నగరంలో కొత్త అపార్ట్‌మెంట్ల వంటగట్లకు క్వార్ట్జ్ స్లాబులు ఫ్యాషన్ అయ్యాక పని చాలావరకు వాటి మీదికి మళ్లింది. ఈ స్లాబులు కొండను తొలిచి తీసినవి కావు. క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో కలిపి, ఒత్తి తయారుచేసినవి. వీటిలో సిలికా సాధారణంగా నూటికి తొంభై పాళ్లు దాటి ఉంటుంది. యూనిట్‌లో పెద్ద కోతలకు నీళ్లు పారే మిషన్ ఉండేది. సింకుకు కన్నం వేయడం, అంచులు గుండ్రంగా తీయడం మాత్రం చేతి గ్రైండరుతో పొడిగానే చేసేవారు. ఫ్లాటులో పలక బిగించేటప్పుడు కొలత అరంగుళం తేడా వస్తే అక్కడే, కిటికీలు మూసిన వంటగదిలోనే కోసేవారు. చివరి ఏడేళ్లు ఆయన చేసింది ఎక్కువగా ఈ పనే. ఇదే రకం పలకల వల్ల యువకార్మికులు వరుసగా జబ్బుపడటం చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది. మన దగ్గర వాటి ప్రకటనలలో మరక పడదనీ, గీత పడదనీ మాత్రమే ఉంటుంది.

దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం మొదలయ్యాక ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగంలో మచ్చలు కనిపించాయి. కఫంలో క్రిములు లేవు, క్షయ క్రిమిని జన్యువు ద్వారా పట్టే సీబీనాట్ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. అయినా లక్షణాలను బట్టి క్షయగా నిర్ధారించి ఆరు నెలల మందులు ఇచ్చారు, తగ్గకపోతే మరోసారి ఇచ్చారు. దీన్ని వైద్యుల అజ్ఞానంగా కొట్టిపారేయను. సిలికా పేరుకున్న ఊపిరితిత్తికి క్షయ సోకే ప్రమాదం నిజంగానే ఎక్కువ, రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిసి ఉండటమూ అరుదు కాదు. కాని ఆ రెండేళ్ల కేస్‌షీట్లన్నింటిలో వృత్తి అన్నచోట ‘కూలి’ అనే ఒక్క మాటే ఉంది. ఏం కూలి అని ఎవరూ అడగలేదు. చివరకు ఒక జూనియర్ డాక్టరు అడిగాడు, ఊపిరితిత్తులను సూక్ష్మంగా చూపే సీటీ స్కాన్ (హెచ్‌ఆర్‌సీటీ) రాశాడు. అందులో రెండువైపులా చిన్నచిన్న గడ్డలు, పైభాగంలో అవి కలిసిపోయి ఏర్పడిన పెద్ద ముద్దలు, గుడ్డుపెంకులా సున్నం పట్టిన లింఫ్ గ్రంథులు కనిపించాయి. సిలికోసిస్ అన్న మాట కాగితం మీదికి మొదటిసారి అప్పుడు వచ్చింది.

పేరు మారితే ఏమవుతుంది

ఈ వ్యవహారంలో అసలు ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్పాలి. క్షయ అన్న పేరు మీద కక్షిదారుకు అప్పటికే డబ్బు అందుతూనే ఉంది. మొదట అనారోగ్య భృతి, అంటే సగటు వేతనంలో నూటికి డెబ్బై చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు వచ్చేది. ఆ తరువాత దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో క్షయ ఉంది గనుక నూటికి ఎనభై చొప్పున పొడిగించిన భృతి వచ్చింది. అందువల్ల యజమానిగానీ ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుగానీ అన్యాయం జరిగిందని అనుకోలేదు. కక్షిదారు కూడా మొదట అనుకోలేదు. అయితే పొడిగించిన భృతికి రెండేళ్ల గరిష్ఠ పరిమితి ఉంది, ఆ తరువాత చేతికి ఏమీ రాదు. సిలికోసిస్ సంగతి వేరు. చట్టంలోని మూడో షెడ్యూలు సి భాగంలో అది వృత్తి వ్యాధిగా ఉంది. సిలికోసిస్ ప్రధాన కారణమైతే దానికి తోడైన క్షయ కూడా అక్కడే ఉంది. 52ఎ సెక్షన్ ప్రకారం అలాంటి వ్యాధి వస్తే, దానికి విరుద్ధంగా రుజువు కానంతవరకు దాన్ని పనిలో తగిలిన దెబ్బగానే భావించాలి. అలా భావిస్తే శాశ్వత అంగవైకల్య ప్రయోజనం జీవితాంతం నెలనెలా వస్తుంది. రోగి ఆ జబ్బుతోనే చనిపోతే భార్యకూ పిల్లలకూ ఆశ్రితుల ప్రయోజనం వస్తుంది. క్షయ రోగిగా చనిపోతే కుటుంబానికి ఆ ప్రయోజనం ఉండదు.

అంకెలలో చెబితే, కక్షిదారు సగటు రోజువారీ వేతనం 600 రూపాయలని లెక్క తేలింది. అంగవైకల్య ప్రయోజనం పూర్తి రేటు అందులో నూటికి తొంభై, అంటే రోజుకు 540 రూపాయలు. సంపాదనా సామర్థ్యం ఎంత శాతం పోయిందని తేలితే అందులో అంత శాతం వస్తుంది. పొడిగించిన భృతి కింద అప్పుడు వస్తున్నది రోజుకు 480 రూపాయలు. అంటే అప్పీలు నెగ్గినా నెలవారీ రాబడి పెద్దగా పెరగదు, కొంత తగ్గవచ్చు కూడా. ఈ సంగతి దాచకుండా మొదటి సమావేశంలోనే చెప్పాను. భార్య లెక్క విని, ‘‘మరి ఈ రెండేళ్లు అయ్యాక, సార్?’’ అని అడిగింది. నా వివరణలో సగం ఆ ప్రశ్నలోనే ఉంది.

వైకల్యం ఎంతో నిర్ణయించే ఈఎస్‌ఐ మెడికల్ బోర్డు అంతకుముందే కక్షిదారును కొద్దిసేపు పరీక్షించి, ఊపిరితిత్తులలో ఉన్నవి క్షయ మానిన తరువాత మిగిలిన మచ్చలనీ, వృత్తి వ్యాధి లేదనీ, వైకల్యం సున్నా అనీ నిర్ణయించింది. ఉత్తర్వు మూడు పంక్తులకు మించలేదు. దుమ్ము జబ్బుల ఎక్స్‌రేలు చదవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) చేసిన వర్గీకరణ ప్రకారం ఎక్స్‌రే చదివిన దాఖలా అందులో లేదు. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ 94 శాతం ఉంది కాబట్టి శ్వాసలోపం లేదని ఒక వ్యాఖ్య ఉంది.

గడువు, దారి

54ఎ సెక్షన్ కింద బోర్డు నిర్ణయంతో ఏకీభవించని, బీమా ఉన్న కార్మికుడికి రెండు దారులు ఉన్నాయి. మెడికల్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లి, అక్కడా తృప్తి కలగకపోతే ఇన్సూరెన్స్ కోర్టుకు వెళ్లవచ్చు. లేదా నేరుగా ఇన్సూరెన్స్ కోర్టుకే వెళ్లవచ్చు. నిర్ణయం అందిన నాటి నుంచి మూడు నెలల గడువు ఉంటుంది, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ ఉంది. కక్షిదారు నా దగ్గరికి వచ్చేసరికి గడువు చివరికి వస్తోంది. మధ్యలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉన్నాడు. సిలికోసిస్ రోగులకు ఇది తెలిసిన ప్రమాదమే. ఉత్తర్వు వచ్చిన కవరును, దాని మీది పోస్టల్ ముద్రతో సహా, భార్య మడతపెట్టి దాచి ఉంచింది. ఆ ముద్ర వల్ల నిర్ణయం అందిన తేదీ మీద వివాదం రాలేదు.

నేను నేరుగా కోర్టు దారి ఎంచుకోవడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. ఇలాంటి వ్యవహారాలు తరచు దారితప్పేది ఇక్కడే కాబట్టి వివరిస్తాను. వైకల్యం ఉందా, ఎంత ఉందా అన్న ప్రశ్న మామూలు పిటిషనులో ఎదురై, దాని మీద బోర్డు నిర్ణయం ఇంకా రాకపోతే, 75(2ఎ) సెక్షన్ ప్రకారం కోర్టు దాన్ని ముందు బోర్డుకు పంపించాలి. ఆ ప్రయాణం ఆరోగ్యవంతుడికే విసుగు పుట్టిస్తుంది, ఆక్సిజన్ మీద ఉన్న మనిషికి అది కాలాన్నే తినేస్తుంది. కాని 54ఎ(2) కింద అప్పీలుగా వచ్చిన దానిలో అన్ని అంశాలనూ కోర్టే స్వయంగా తేల్చవచ్చని అదే ఉపసెక్షన్ మినహాయింపు ఇస్తోంది. అందుకే శీర్షికలోనూ ప్రార్థనలోనూ ఇది 54ఎ(2) అప్పీలని స్పష్టంగా రాసి, చేతిలో ఉన్న నాలుగు కాగితాలతోనే దాఖలు చేశాము. మిగతా ఆధారాలు తరువాత జతపరిచాము. తీవ్ర అనారోగ్యంలో ఉన్నవారి ఫైలు సంపూర్ణంగా సిద్ధమయ్యేదాకా ఆగడం మంచి పద్ధతని నేను అనుకోను.

వకాలత్ మీద కక్షిదారుతో పాటు భార్య సంతకం కూడా తీసుకుని ఉంచాను. అప్పీలు నడుస్తుండగా ఆయనకు ఏమైనా అయితే ఆమెను రికార్డులోకి తేవడంలో జాప్యం జరగకూడదని చేసిన ఏర్పాటు అది. కారణం ఆమెకు విడమరచే చెప్పాను. ఈఎస్‌ఐ రికార్డులో నామినీగా ఎప్పుడో చనిపోయిన తండ్రి పేరే ఉండిపోయింది. మరణించే రోజు వరకు రావలసిన బకాయి నామినీకి చెందుతుంది గనుక ముందుగా దాన్ని మార్పించాము. ఇదే దశలో ప్రతి కక్షిదారుకూ ఒక హెచ్చరిక చేస్తాను. బోర్డు చిన్న శాతం ఇచ్చి, ఆఫీసు దాన్ని ఏకమొత్తంగా తీసుకోమన్నప్పుడు, ఆ డబ్బు తీసుకున్న మనిషికి అప్పీలు హక్కు పోతుంది. ఈ వ్యవహారంలో వైకల్యం సున్నా అన్నారు గనుక ఆ చిక్కు రాలేదు.

ఆధారాలు

రోగి ఎక్కువసేపు మాట్లాడలేడు, కోర్టు మెట్లు ఎక్కలేడు. అందువల్ల అతని తరఫున కాగితాలు ఎంత చెప్పగలవో అంతా చెప్పించి, అతని నోటి నుంచే రావలసిన దాన్ని మాత్రమే మిగిల్చాలని నిర్ణయించుకున్నాను. ఈఎస్‌ఐ చందా చరిత్ర తీయిస్తే జిగణి యూనిట్‌లో ఏళ్ల తరబడి విరామం లేకుండా చందా కట్టినట్టు తేలింది. సి భాగం వ్యాధులకు ఈఎస్‌ఐ కార్పొరేషన్ (ఇకపై సంస్థ) నిర్దేశించినంత కాలం ఆ పనిలో నిరంతరంగా ఉండాలన్న షరతు ఉంది కాబట్టి మొదట చూడవలసింది అదే. ఆ పనిలో ఉన్నాడనడానికి హాజరు పట్టీ చాలదు, ఏ పని చేసేవాడో తేలాలి. 78వ సెక్షన్ కింద కోర్టుకు సాక్షులనూ పత్రాలనూ రప్పించే అధికారం ఉంది. దాన్ని ఉపయోగించి యూనిట్ నుంచి స్లాబుల కొనుగోలు బిల్లులు, ఇళ్లకు బిగింపు పనికి పంపినప్పటి చలాన్లు తెప్పించాము. బిల్లులలో సరుకు పేరు ఉంది, చలాన్లలో ఇతని పేరు ఉంది. యజమాని అయిష్టంగానే ఇచ్చినా, ఇచ్చాడు.

వైద్యం విషయంలో మూడు అంశాల మీద దృష్టి పెట్టాము. ఐఎల్‌ఓ వర్గీకరణ ప్రకారం ఎక్స్‌రేను ఒక ఛాతీ వైద్య నిపుణుడితో మళ్లీ చదివించాము, హెచ్‌ఆర్‌సీటీ నివేదికను దానికి జోడించాము. ఊదుడు పరీక్షలో ఎఫ్‌వీసీ, అంటే నిండా పీల్చి బయటకు ఊదగలిగిన గాలి, ఉండవలసిన దానిలో సగానికి తక్కువ వచ్చింది. అన్నిటికంటే పని చేసింది ఆరు నిమిషాల నడక పరీక్ష. కూర్చున్నప్పుడు 94 ఉన్న ఆక్సిజన్ నడక మొదలైన మూడో నిమిషానికే 82కు పడిపోయింది, పరీక్షను మధ్యలోనే ఆపవలసి వచ్చింది. బోర్డు చూసిన అంకె తప్పు కాదు. రాతిపలకలు మోసే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కొలవడం మాత్రం తప్పు.

కక్షిదారు సాక్ష్యం కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు కింద కమిషన్ కోరాము. కోర్టు ఒక న్యాయవాదిని కమిషనరుగా నియమించి ఇంటికి పంపింది. బొమ్మసంద్ర దగ్గర ఒక గది, వంటచోటు ఉన్న అద్దె ఇల్లు. ఆక్సిజన్ మిషన్ చప్పుడులో ఆయన మాట వినబడటమే కష్టం. ఉదయం పూట మాట కాస్త నిలకడగా ఉంటుందని భార్య చెబితే పొద్దున్నే సమయం పెట్టించాము. కొన్ని ప్రశ్నలు, కాసేపు విరామం, మళ్లీ కొన్ని ప్రశ్నలు అన్న పద్ధతికి సంస్థ తరఫు న్యాయవాది కూడా ఒప్పుకున్నారు. ఆయన మర్యాదస్థుడు. కక్షిదారుకు కన్నడం పని జరుపుకునేంత వచ్చినా, ఊపిరి అందనప్పుడు నోటికి వచ్చేది తెలుగే. తెలుగు తెలిసిన కమిషనరును ముందే కోరడం వల్ల జవాబులు అనువాదంలో నలగకుండా నమోదయ్యాయి.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో మూడు ప్రశ్నలు వచ్చాయి. బీడీ తాగేవాడా అని అడిగితే, పెళ్లికి ముందు తాగేవాడినని చెప్పాడు. బీడీ వల్ల శ్వాసనాళాల జబ్బు రావచ్చుగాని, ఇలాంటి గడ్డలూ సున్నం పట్టిన గ్రంథులూ రావని నిపుణుడు తరువాత సాక్ష్యమిచ్చాడు. మాస్కు ఇచ్చారా అన్న ప్రశ్నకు, గుడ్డ మాస్కు ఇచ్చారన్నాడు. అసలైన ప్రశ్న చీమకుర్తి గురించి. అక్కడ క్వారీలో పనిచేసినప్పుడే, అంటే ఈఎస్‌ఐ పరిధిలోకి రాకముందే, జబ్బు మొదలై ఉండవచ్చు కదా అన్నది సంస్థ వాదం. దానికి ఆయన ఇచ్చిన జవాబును మాట మార్చకుండా ఇక్కడ పెడుతున్నాను: ‘‘అక్కడి దుమ్ము బూడిద రంగు సార్, పైగా అంతా బయలు. ఇక్కడిది తెల్లది. అన్నం ముందర నోరు పుక్కిలిస్తే తెల్లనీళ్లే వచ్చేవి. గది తలుపు మూసి కోసేవాళ్లం.’’

ఆ జవాబుకు భూగర్భశాస్త్రం తోడైంది. చీమకుర్తి నుంచి ప్రపంచమంతా కొనే బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గాని, శిలల లెక్కలో అది గాబ్రో జాతికి చెందినది, క్వార్ట్జ్ చాలా తక్కువ. మామూలు గ్రానైట్‌లో క్వార్ట్జ్ గణనీయంగా ఉంటుంది, వంటగట్టు స్లాబులో దాదాపు అంతా అదే. పైగా 52ఎ కింద విరుద్ధంగా రుజువు చేయవలసిన భారం కార్మికుడి మీద లేదు. ‘వేరేచోట వచ్చి ఉండవచ్చు’ అన్న ఊహ రుజువు కిందికి రాదని వాదించాము. పనిలో తగ్గని దగ్గు మొదలైన సంవత్సరం, యూనిట్ స్లాబులకు మళ్లిన సంవత్సరం పక్కపక్కన పెట్టిన ఒక పేజీ పట్టికను కూడా దాఖలు చేశాము.

ఇంకొకటి చెప్పాలి. అప్పుడు అమలులో ఉన్న ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్ తప్పక తెలియజేయవలసిన వ్యాధి. 89వ సెక్షన్ ప్రకారం మేనేజరే కాకుండా, చికిత్స చేసిన వైద్యుడు కూడా చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాయవలసి ఉండేది. ఇక్కడ ఎవరూ రాయలేదు. రాసి ఉంటే అదే యూనిట్‌లో గ్రైండర్లు పట్టుకున్న మిగతావారి ఎక్స్‌రేలు అప్పుడే తీసి ఉండేవారేమో.

శాతం గురించిన వాదన

వ్యాధి పేరు తేలాక ఎంత శాతం అన్న ప్రశ్న మిగిలింది. రెండో షెడ్యూలులో వేలు, చెయ్యి, కన్ను పోతే ఇంత అని పట్టిక ఉందిగాని ఊపిరితిత్తుల జబ్బుకు స్థిరమైన అంకె లేదు. కూర్చుని చేసే కాపలా పని చేయవచ్చు కాబట్టి నలభై శాతం మించదని సంస్థ అన్నది. చట్టం శాశ్వత పాక్షిక వైకల్యాన్ని నిర్వచించినప్పుడు, ఆ సమయంలో మనిషి చేయగలిగిన ప్రతి పనిలోనూ సంపాదనా సామర్థ్యం తగ్గడాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఐదో తరగతి చదివి, పాతికేళ్లు రాయి తప్ప మరొకటి ముట్టని మనిషి అప్పుడు చేయగలిగిన పనులన్నీ ఒంటి బలంతో చేసేవే. ఎడమచేయి మోచేతి పైకి పోయిన వడ్రంగికి నూరు శాతం నష్టమని సుప్రీంకోర్టు 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ తీర్పులో ఒప్పుకుంది. శరీరం కోల్పోయిన శాతం వేరు, సంపాదన కోల్పోయిన శాతం వేరు అని 2010లో రాజ్‌కుమార్ తీర్పులో విశదం చేసింది. రెండూ వేరే చట్టాల కింద వచ్చినవే అయినా సూత్రం ఇక్కడికీ వర్తిస్తుందని కోర్టు అంగీకరించింది. మేము నూరు శాతం అడిగాము, కోర్టు ఎనభై ఇచ్చింది. కాపలాదారు కూడా రాత్రి రెండుసార్లు ఆవరణ చుట్టూ నడవాలన్న ఒక వాక్యం తీర్పులో ఉంది. అది నడక పరీక్ష నివేదిక నుంచి పుట్టిన వాక్యమని నా నమ్మకం.

తీర్పు ప్రకారం సిలికోసిస్ వృత్తి వ్యాధిగా, క్షయ దానికి తోడైనదిగా తేలింది, బోర్డు నిర్ణయం రద్దయింది. 540లో ఎనభై శాతం, అంటే రోజుకు 432 రూపాయలు. ముప్పై రోజుల నెలకు 12,960. ఒకే కాలానికి అనారోగ్య భృతినీ తాత్కాలిక వైకల్య ప్రయోజనాన్నీ కలిపి పొందకూడదన్న 65వ సెక్షన్ వల్ల బకాయిల లెక్క కొంత సాగింది. చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటే 82వ సెక్షన్ కింద 60 రోజులలో హైకోర్టుకు వెళ్లే అవకాశం సంస్థకు ఉన్నా, వెళ్లలేదు.

డబ్బుకంటే ముందు ఆయన అడిగింది ఆక్సిజన్ గురించి. ఉద్యోగం పోతే ఈఎస్‌ఐ వైద్యం కూడా పోతుందన్న భయం ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండేది. పనిలో కలిగిన శాశ్వత వైకల్యం వల్ల ఉద్యోగం మానినవారికి, పదవీ విరమణ వయసు వచ్చేదాకా నెలకు పది రూపాయల చొప్పున ఏడాదికి ఒకేసారి 120 రూపాయలు కడితే, తనకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగుతుందని కేంద్ర నియమాలలో 60వ నియమం చెబుతోంది. ఇది చాలామంది బ్రాంచి సిబ్బంది తమంతట చెప్పరు, అడగాలి. తీర్పు వచ్చిన వారంలోనే ఆ చందా కట్టించాము.

కొన్ని నెలల తరువాత ఆయన ఇంట్లోనే మరణించారు. ఆశ్రితుల ప్రయోజనానికి మరణ కారణ పత్రం కీలకం. ఆసుపత్రి బయట మరణిస్తే ఆ పత్రం 4ఎ ఫారంలో ఉంటుంది. చూస్తున్న వైద్యుడు మొదట ‘శ్వాస వైఫల్యం’ అని మాత్రమే రాశారు. అది తక్షణ కారణం. దాని కింద మూలకారణం రాయవలసిన పంక్తి ఖాళీగా ఉంది. తీర్పు ప్రతిని, హెచ్‌ఆర్‌సీటీ నివేదికను చూపి, వైద్యపరంగా సరైనదే రాయమని కోరితే, ఆయన చదివి సిలికోసిస్ అని చేర్చారు. పత్రం రిజిస్ట్రారుకు చేరకముందే ఈ పని కావాలి, తరువాత దిద్దించడం చాలా కష్టం. వ్యాధి పేరు కోర్టులోనే తేలిపోయి ఉండటం వల్ల భార్య దరఖాస్తు మీద మళ్లీ వైద్య వివాదం రాలేదు.

పూర్తి రేటులో భార్యకు అయిదింట మూడు వంతులు, ఒక్కొక్క బిడ్డకు అయిదింట రెండు వంతులు అని నియమం. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఈ వాటాల మొత్తం పూర్తి రేటును మించుతుంది గనుక అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. భార్యకు రోజుకు 231 రూపాయల 43 పైసలు, పిల్లలకు తలా 154 రూపాయల 29 పైసల చొప్పున వచ్చింది. ఇక్కడ మృతుడి వైకల్య శాతంతో పనిలేదు, లెక్క పూర్తి 540 మీదే. కొడుకుకు ఇరవై ఐదేళ్లు నిండినప్పుడు, కూతురుకు పెళ్లయినప్పుడు వారి వాటాలు ఆగిపోతాయి, మిగిలినవారి వాటాలను 55ఎ సెక్షన్ కింద తిరిగి లెక్కించాలి. అప్పటికి కోడ్ కింద ఆ సెక్షన్ సంఖ్య మారి ఉంటుంది గనుక, ఉత్తర్వు ప్రతి వెనుక ఆ రెండు సందర్భాలను తెలుగులో రాసి, ఎవరి దగ్గరికి ఏ కాగితంతో వెళ్లాలో కూడా రాసి ఆమెకు ఇచ్చాను.